పాలిష్ డబ్బా కాదు, బ్రష్‌లు మార్చాల్సి వచ్చింది: ఒక హోటల్ షూ కౌంటర్ కేస్ స్టడీ

విశాఖపట్నం సముద్రతీరాన ఉన్న ఒక హోటల్‌లో అతిథుల బూట్లకు రాత్రిపూట పాలిష్ పట్టి తెల్లారేసరికి గది దగ్గర అందించే ఏర్పాటు ఉంది. వానాకాలం మొదలయ్యాక మూడు రకాల ఫిర్యాదులు వరుసగా వచ్చాయి. నల్ల బూట్ల ముందు భాగాన్ని వెలుతురుకు పట్టి చూస్తే సన్నని గీతలు. పాలిష్ పట్టిన కాసేపటికే మెరుపు మీద మసక. బ్రౌన్ బూట్లయితే సోల్ అంచు పొడవునా, లేసు రంధ్రాల చుట్టూ నల్లబడటం. హౌస్‌కీపింగ్ వాళ్లు పాలిష్ కంపెనీ మార్చి చూశారు. మైనం పాలిష్ మానేసి క్రీమ్ వాడారు, మళ్లీ మైనానికే వచ్చారు. ఫలితంలో తేడా లేక మమ్మల్ని సలహా అడిగారు. ఇన్ని మార్పుల్లోనూ మారకుండా మిగిలినవి బ్రష్‌లే. అందుకని పరిశీలన అక్కడి నుంచే మొదలుపెట్టాం.

అంతకన్నా ముందు ఒక మాట. ఏ తోలు మీద పని చేస్తున్నామో తెలియకుండా బ్రష్ ఎంచుకోవడం దండగ. ఆ కౌంటర్‌కు వచ్చే ఆఫీసు బూట్లలో ఎక్కువ భాగం పై పూత వేసిన తోలువి. అంటే తోలు పై పొరను సానబట్టి మచ్చలు తీసేసి, దాని మీద రంగు కలిపిన అక్రిలిక్ లేదా పాలీయురెథేన్ పూత పూసినవి. వీటిలోకి పాలిష్ ఇంకదు, పైనే ఉంటుంది. గీత పడితే పూత మీద పడుతుంది, ఎంత పాలిష్ రాసినా అది పూడదు. ఖరీదైన జతలు కొన్ని మాత్రం దూడ తోలువి. పై పొరను అలాగే ఉంచి పల్చగా రంగు పట్టిస్తారు కాబట్టి రంధ్రాలు తెరిచి ఉంటాయి, పాలిష్‌లోని రంగు లోపలికి దిగుతుంది. రెంటినీ గుర్తుపట్టాలంటే లేసుల కింద ఉండే నాలుక మీద, పైకి కనపడని చోట, ఒక నీటి చుక్క వేసి చూడాలి. చుక్క ముత్యంలా నిలబడితే పై పూత ఉన్నట్టు. కాసేపటికి ఇంకి చోటు ముదురు రంగుకు తిరిగితే పూత లేదన్నట్టు. నల్ల పాలిష్ తిన్న బ్రష్ ఈ రెండో రకం బ్రౌన్ బూటుకు తగిలిందంటే ఆ మచ్చ పూర్తిగా పోదు.

స్వేడ్ (పైన నూగు ఉండే తోలు), పేటెంట్ (అద్దంలా మెరిసే పూత ఉన్న తోలు) బూట్లు కూడా అప్పుడప్పుడు ఇదే బల్ల మీదికి వస్తున్నాయి. వాటికి ఈ బ్రష్‌లలో ఏదీ తగలకూడదని మొదటే పక్కన పెట్టించాం.

బల్ల మీద దొరికినవి

మొత్తం 6 బ్రష్‌లు. నాలుగు ప్లాస్టిక్ పిడివి, రెండు చెక్క పిడివి. చెక్కవాటి మీద ‘ప్యూర్ హార్స్ హెయిర్’ అని ముద్ర ఉంది. ఏ బ్రష్ ఏ పనికో చెప్పే గుర్తు లేదు. పాలిష్ రాసేదీ మెరిపించేదీ ఒకటే, నలుపుకూ బ్రౌన్‌కూ ఒకటే. కుచ్చులు విడదీసి చూస్తే మొదళ్లలో పాత పాలిష్ గట్టిపడి ఉంది. ఆ పేరుకున్న దాంట్లోంచి పుల్లతో కొంచెం గీకి తెల్ల కాగితం మీద వేసి వేలితో నలిపితే గరగరమంది. ఇసుక.

గీతల సంగతి సగం ఇక్కడే తేలింది. విశాఖ, భీమిలి తీరపు ఇసుకలో క్వార్ట్‌జ్‌తో పాటు గార్నెట్, ఇల్మెనైట్ రేణువులు ఉంటాయి. గార్నెట్‌ను సాన కాగితాల్లో వాడతారు. బీచ్‌లో నడిచి వచ్చిన బూటు మీద దుమ్ము దులపకుండా, మెరిపించే బ్రష్‌తోనే నేరుగా రుద్దితే ఆ రేణువులు కుచ్చుల్లోకి చేరతాయి, తర్వాత వచ్చే ప్రతి జత మీదా గీస్తాయి. చాలామంది గీతలన్నీ నైలాన్ పాపమే అనుకుంటారు. నైలాన్ తప్పు ఉంది, కానీ అసలు గుర్రపు వెంట్రుక బ్రష్‌లోనైనా ఇసుక దూరితే గీతలు తప్పవు.

తర్వాత కాల్చి చూడటం. ప్రతి బ్రష్‌లోనూ అంచు వరుస నుంచి ఒకటి, మధ్య వరుసల నుంచి రెండు మూడు పోగులు పీకి, పట్టకారుతో పట్టుకుని, పాలిష్ డబ్బాకు దూరంగా, అగ్గిపుల్ల మంట దగ్గరికి తెచ్చాం. జంతువు వెంట్రుక అయితే చిటపటమని ముడుచుకుంటూ కాలుతుంది, తల వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. నైలాన్ మంట తగలకముందే వెనక్కి ముడుచుకుని కరుగుతుంది, చల్లారాక కొసన గట్టి పూస మిగులుతుంది, నలిపినా నలగదు. కాగితం కాలిన వాసన వస్తే అది నార. ప్లాస్టిక్ పిడివన్నీ నైలాన్ అని తేలడంలో ఆశ్చర్యమేమీ లేదు. చెక్క పిడి బ్రష్‌లలో ఒకదాని సంగతే చెప్పుకోవాలి. అంచు పోగు బూడిదైంది, మధ్య పోగులు రెండూ పూసలయ్యాయి. కొనేవాళ్లు వేలితో తడిమేది అంచునే కాబట్టి చుట్టూ అసలు వెంట్రుక పెట్టి లోపల నైలాన్ నింపారు. ఒక్క పోగు కాల్చి చూసి సంతృప్తి పడకూడదన్నది ఇందుకే.

మసకకు కారణం వేరు. వానాకాలంలో బూటు మీద తెల్లగా, మసకగా కనిపించేవి మూడున్నాయి, మూడూ కలిపేసి ఒకటే అనుకుంటే వైద్యం తప్పుతుంది. తడి గుడ్డతో తుడిస్తే పోయి, ఆరాక మళ్లీ వస్తే ఉప్పు. సముద్రం పక్కన ఇది మామూలే. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డతో అద్ది ఆరబెడితే తగ్గుతుంది. చుక్కలు చుక్కలుగా ఉండి ముక్కిన వాసన వేస్తే బూజు. నోటితో ఆవిరి ఊది శుభ్రమైన బ్రష్‌తో రుద్దగానే పోతే అది ఎక్కువైన మైనం. ఇక్కడ చూసిన జతల్లో ఎక్కువ మూడోదే.

మైనం ఎందుకు ఎక్కువైందంటే మళ్లీ బ్రష్‌కే రావాలి. మైనం పాలిష్‌లో ఉండేవి కార్నౌబా లాంటి గట్టి మైనాలు, మెత్తని మైనాలు, రంగు, వాటన్నిటినీ మెత్తగా ఉంచే ద్రావకం. రాసిన తర్వాత ద్రావకం ఎగిరిపోవాలి. మిగిలిన పల్చని మైనం పొరను బ్రష్ చదును చేస్తుంది. మైనం కరిగి మెరుస్తుందని అంటారు గానీ కార్నౌబా కరగాలంటే 80 డిగ్రీల సెల్సియస్ దాటాలి, చేతి రాపిడికి అంత వేడి రాదు. పై పొర కాస్త మెత్తబడి ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి, అంతే. ఈ పని గుర్రపు వెంట్రుక బాగా చేయడానికి కారణం దాని పైపొర. మన తల వెంట్రుకకు ఉన్నట్టే దానికీ కంటికి కనపడని పొలుసులుంటాయి. ఎక్కువైన మైనాన్ని కొంచెం పట్టుకుంటుంది, తక్కువైన చోట కొంచెం వదులుతుంది. నైలాన్ పోగు నున్నగా గాజు కడ్డీలా ఉంటుంది, మైనాన్ని పట్టుకోదు, పక్కకు నెడుతుంది. మడతల్లో, కుట్ల దగ్గర గుట్టగా పేరుకునేది ఆ నెట్టిన మైనమే. పైగా నైలాన్ పోగు కొస అడ్డంగా కోసినట్టు పదునుగా ఉంటుంది.

అలాగని నైలాన్‌ను తీసిపారేయనక్కర్లేదు. నైలాన్‌తో మొట్టమొదట అమ్మకానికి వచ్చిన వస్తువు 1938లో టూత్‌బ్రష్ పోగే, మేజోళ్లు తర్వాత వచ్చాయి. ఈ కౌంటర్‌లోనూ దానికి ఒక పని ఉంది, అది కింద చెబుతాం.

ఏ పనికి ఏ బ్రష్

హోటల్ వాళ్లు అడిగింది ‘ఒక మంచి బ్రష్ పేరు చెప్పండి’ అని. ఒక బ్రష్‌తో పోయే పని కాదిది. నాలుగు పనులకు నాలుగు రకాలు కావాలి, అందులో రెండిటికి రంగు రంగుకూ వేరుగా ఉండాలి.

దుమ్ము దులిపేందుకు గుర్రపు వెంట్రుక బ్రష్, మధ్యస్థం సైజు. ఇది ఎప్పటికీ పాలిష్ ముట్టుకోకూడదు. పొడిగా ఉన్నంతకాలం అన్ని రంగుల బూట్లకూ ఒకటే చాలు. దీని మీద పెట్టే ఖర్చు తక్కువే అయినా పర్వాలేదు, నాణ్యతలో రెండో రకమైనా సరే.

సోల్, పై తోలు కలిసే కుట్టు అంచుకు పాత టూత్‌బ్రష్ లాంటి సన్న నైలాన్ బ్రష్. కుట్టు రంధ్రాల్లోంచి ఇసుక తవ్వి తీయడానికి గుర్రపు వెంట్రుక మెత్తన, సరిపోదు. కాకపోతే తోలు మీదికి ఎక్కించకుండా అంచు వెంబడే నడపాలి.

పాలిష్ రాసేందుకు గుండ్రటి తల ఉన్న చిన్న బ్రష్, తల 3 సెంటీమీటర్ల చుట్టుపక్కల. ఇక్కడ పంది వెంట్రుక కూడా బాగానే పనిచేస్తుంది. అది గుర్రపు వెంట్రుక కన్నా బిరుసు, కొస సహజంగా రెండు మూడు పాయలుగా చీలి ఉంటుంది కాబట్టి పాలిష్‌ను పట్టుకుని పరుస్తుంది. క్రీమ్ పాలిష్‌కు ఇదే నయం. పూత లేని దూడ తోలు మీద మాత్రం గుడ్డతో రాయడమే మేలు, బిరుసు వెంట్రుక గుర్తులు పడతాయి. రంగుకొకటి చొప్పున నలుపు, బ్రౌన్, రంగు లేనిది అని మూడు తీసుకున్నారు.

ఇక మెరిపించే బ్రష్. డబ్బంతా పెట్టాల్సింది ఇక్కడే. పిడి పొడవు 17 నుంచి 20 సెంటీమీటర్లు ఉండాలి. ఇంతకన్నా చిన్నదైతే ఒక్కో ఊపులో తగిలే వెంట్రుకలు తక్కువ, చేయి అలసిపోయి సగంలోనే ఆపేస్తారు. ఆడవాళ్ల సన్న బూట్లకు 12 సెంటీమీటర్లది ఒకటి. వెంట్రుక పొడవు పిడి పైన 2 నుంచి 2.5 సెంటీమీటర్లు కనపడాలి. మరీ పొట్టిదైతే బిరుసుగా తగులుతుంది, పిడి అంచు తోలుకు కొట్టుకునే ప్రమాదమూ ఉంది. 3 సెంటీమీటర్లు దాటితే ఒత్తినప్పుడు వాలిపోయి ఊరికే జారుతుంది. గుర్రంలోనూ తోక వెంట్రుక ముతక, జూలు వెంట్రుక మెత్తన. రోజూ చేసే పనికి తోకదే మన్నుతుంది. ఇవి కూడా నలుపుకొకటి, బ్రౌన్‌కొకటి, రంగు లేనిదానికొకటి.

మేక వెంట్రుక బ్రష్ కూడా కొనాలా అని అడిగారు. చివరి మెరుపుకు అది బాగుంటుంది, కానీ వెంట్రుక రాలడం ఎక్కువ. ఉతికిన పాత పంచె గుడ్డ ఆ పని దాదాపు అంతే బాగా చేస్తుంది. ఈ కౌంటర్‌కు అక్కర్లేదన్నాం.

కొనేటప్పుడు చేసిన పరీక్షలు

గుర్రపు వెంట్రుక ఎక్కువగా చైనా, మంగోలియా, అర్జెంటీనాల నుంచి వస్తుంది. మన దగ్గర ఉత్తరప్రదేశ్‌లోని శేర్‌కోట్ బ్రష్‌ల తయారీకి పేరుపడిన ఊరు, అయితే అక్కడ పెయింట్ బ్రష్‌లదే పెద్ద చెయ్యి. ఊరు పేరు, దేశం పేరు చూసి కొంటే నాణ్యత తెలియదు. నమూనా ఒకటి చేతికి తెప్పించుకుని చూశాకే మిగతావి ఆర్డర్ పెట్టించాం.

మొదట కుచ్చులను రెండు బొటనవేళ్లతో చీల్చి మొదళ్లు చూడాలి. రంధ్రాలు దగ్గర దగ్గరగా, వరుస తప్పించి ఉండాలి. చీల్చగానే చెక్క వెడల్పుగా కనపడితే వెంట్రుక పొదుపు చేసినట్టు. ఆ బ్రష్ కొన్ని నెలల్లో మధ్యలో పల్చబడుతుంది. ప్రతి కుచ్చూ రంధ్రాన్ని నిండుగా బిగించి ఉండాలి. వేలితో కదిపితే మొత్తం కుచ్చు కదులుతుంటే లోపల బిగించిన తీగ వదులుగా ఉందని అర్థం.

తర్వాత అరచేతిని వెంట్రుకల మీద గట్టిగా 20 సార్లు లాగి, తెల్ల కాగితం మీద దులపాలి. కొత్త బ్రష్ నుంచి నాలుగైదు విడి వెంట్రుకలు రాలడం సహజం, కత్తిరింపులో మిగిలినవే అవి. మొదలుతో సహా ఊడివస్తున్నాయా, మధ్యకు విరిగి రాలుతున్నాయా అన్నది ముఖ్యం. ఊడి వస్తే బిగింపు లోపం. విరుగుతుంటే రంగు వేసేటప్పుడో తెలుపు చేసేటప్పుడో రసాయనానికి వెంట్రుక చచ్చిందన్నమాట. అది తిప్పి పంపేయాల్సిందే.

తడి తెల్ల గుడ్డతో వెంట్రుకలను ఒత్తి తుడిస్తే రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది. నల్లగా నిగనిగలాడే చవక బ్రష్‌లలో చాలావాటికి ఈ పరీక్షలో గుట్టు బయటపడుతుంది. రంగు దిగే బ్రష్‌ను నలుపుకు వాడుకోవచ్చు, లేత బ్రౌన్ దగ్గరికి రానివ్వకూడదు. అసలు వెంట్రుకలో గోధుమ, బూడిద, నలుపు కలగలిసి కనపడతాయి. అన్ని పోగులూ ఒకే రంగు, ఒకే మందం, ఒకే నిగారింపు ఉంటే అనుమానించాలి.

చెంప మీదో, ముంజేతి లోపలి వైపో ఒకసారి నడిపి చూడటం నాటు పద్ధతే గానీ పనికొస్తుంది. గుచ్చుకోకూడదు, అలాగని నూలు గుడ్డలా జారిపోనూ కూడదు.

కాల్చి చూసే పరీక్షకు కొట్టువాడు ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి. మధ్య వరుసల్లోంచి రెండు పోగులు తీసుకుంటే బ్రష్‌కు నష్టమేమీ లేదు.

పిడి చెక్క విషయంలో పట్టుబట్టాల్సింది తక్కువ. బీచ్ (beech) అనే చెట్టు చెక్క గట్టిది, సాఫీగా ఉంటుంది. రబ్బరు చెక్క అయినా బాగా ఆరబెట్టి వార్నిష్ పట్టించి ఉంటే చాలు. విశాఖ తేమకు వార్నిష్ లేని చెక్క ఉబ్బి రంధ్రాల దగ్గర పగుళ్లిస్తుంది, అక్కడినుంచి కుచ్చులు ఊడతాయి. పిడి పక్కన వేళ్లకు పట్టు కోసం గాడి ఉంటే మంచిది.

కుడి ఎడమల పోలిక

మాటలతో ఒప్పించడం కష్టమని, ఒకే జతలో కుడి, ఎడమ బూట్లకు వేర్వేరు బ్రష్‌లు వాడి చూపించాం. నల్ల ఆక్స్‌ఫర్డ్ జత (లేసులు కట్టే ఆఫీసు బూట్లు), పై పూత ఉన్న తోలు. రెంటినీ తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టి, ఒకే డబ్బాలోంచి శనగ గింజంత పాలిష్ చొప్పున, ఒకే రకం గుడ్డతో రాసి, 10 నిమిషాలు వదిలేశాం. ఎడమ బూటును పాత నైలాన్ బ్రష్ కడిగి దానితో, కుడిది కొత్త గుర్రపు వెంట్రుక బ్రష్‌తో, చెరి 60 ఊపులు. ఫోన్ టార్చ్‌ను పక్కనుంచి వాలుగా పట్టి చూస్తే ఎడమదాని ముందు భాగంలో బ్రష్ నడిచిన దారులు వరుసలుగా కనపడ్డాయి, వేళ్ల మడత దగ్గర మైనం గీతకట్టింది. కుడిదానిలో టార్చ్ బల్బు అంచులు స్పష్టంగా ప్రతిఫలించాయి. కడిగిన నైలాన్ కాబట్టి కొత్త గీతలు ఎడమదాని మీదా పడలేదు. ఆ సంగతి అక్కడున్న సిబ్బందికి ప్రత్యేకంగా చూపించాం, ఎందుకంటే దులిపే పని ఎగ్గొడితే రేపు ఖరీదైన బ్రష్ కూడా గీస్తుంది.

బల్ల మీద అతికించిన క్రమం

లేసులు తీసెయ్యాలి. టూత్‌బ్రష్‌తో కుట్టు అంచు తవ్వి, దుమ్ము బ్రష్‌తో పై నుంచి కిందికి దులపాలి, వెనక్కీ ముందుకూ రుద్దకూడదు. పిండిన తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. ఒక్కో బూటుకు శనగ గింజంత పాలిష్ చాలు, చాలకపోతే మళ్లీ అంతే తీసుకోవచ్చు. వానాకాలంలో ఏసీ లేని గదిలో 10 నిమిషాలు ఆగాలి, ద్రావకం వాసన తగ్గడమే గుర్తు. ఆ తర్వాతే మెరిపించే బ్రష్. మొదటి పది ఊపులు కాస్త ఒత్తి, మిగతావి బ్రష్ బరువుతోనే, పొడవుగా, వేగంగా. ఒత్తిడి పెంచితే మెరుపు పెరుగుతుందని అందరూ అనుకుంటారు. వెంట్రుక పక్కకు వాలితే కొసలు పని చేయవు, నడుములు రుద్దుకుంటాయి, మసక మళ్లీ వస్తుంది.

బ్రష్‌ల పిడుల మీద రంగు టేపు చుట్టించాం. నలుపుకు నల్ల టేపు, బ్రౌన్‌కు ఎర్రది, రంగు లేనిదానికి తెల్లది. రాత్రి షిఫ్టులో మసక వెలుతురులో అక్షరాలు చదవరు, రంగు చూస్తారు.

వానాకాలపు సంరక్షణ

మెరిపించే బ్రష్‌ను వారానికోసారి పాత దువ్వెనతో దువ్వి, ముతక కాగితం మీద రుద్దితే పేరుకున్న మైనం చాలావరకు వదులుతుంది. రెండు మూడు నెలలకోసారి కడగాలి. లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా షాంపూ కలిపి, వెంట్రుక మాత్రమే మునిగేలా ముంచి ఆడించాలి. పిడి మునిగితే చెక్క ఉబ్బుతుంది, కుచ్చుల్ని బిగించిన తీగ తుప్పు పడుతుంది. మామూలు నీళ్లతో జాడించి, విదిలించి, గుడ్డతో ఒత్తి, వెంట్రుక కిందికి ఉండేలా రెండు పుల్లల మీద ఆనించి నీడలో ఆరబెట్టాలి. వెంట్రుక పైకి పెడితే నీళ్లు రంధ్రాల్లోకి దిగుతాయి. ఎండలో, హెయిర్ డ్రైయర్ కింద ఆరబెడితే వెంట్రుక పెళుసవుతుంది. విశాఖలో జూలై, ఆగస్టుల్లో ఆరడానికి రెండు రోజులు పట్టవచ్చు, కాబట్టి నల్ల బ్రష్ ఒకటి అదనంగా ఉంచమన్నాం.

తడి ఆరని బ్రష్‌ను డబ్బాలో పెట్టి మూస్తే బూజు ఖాయం. పూర్తిగా ఆరాక కూడా గాలి ఆడే అరలోనే పెట్టాలి. జంతువు వెంట్రుక కాబట్టి ఉన్ని బట్టలకు పట్టే పురుగు దీనికీ పడుతుంది. బ్రష్ కింద సన్నని పొడి, తెగిన వెంట్రుక ముక్కలు కనిపిస్తే అదే. 

తీరినవి, తీరనివి

దుమ్ము బ్రష్ వేరు చేశాక నల్ల బూట్ల మీద కొత్త గీతల ఫిర్యాదు ఆగిపోయింది. పడిన పాత గీతలు పై పూత మీదివి, అవి అలాగే ఉన్నాయి. మసక తగ్గడానికి ఇంకొంత సమయం పట్టింది, పాత మైనం పొరలు తీసేదాకా కొత్త బ్రష్ కూడా దాన్నే రుద్దుతుంటుంది. సిబ్బంది సొంత బూట్లకు మినరల్ టర్పెంటైన్ అద్దిన గుడ్డతో ఆ పొర తీయించాం. అతిథుల బూట్లకు ఈ పని వాళ్లను అడగకుండా చేయకూడదని గట్టిగా చెప్పాం, ఎందుకంటే పూత లేని తోలు మీద టర్పెంటైన్ రంగును కూడా లాగేస్తుంది.

బ్రౌన్ బూట్లలో పై పూత ఉన్నవాటి నలుపు తుడిస్తే పోయింది. పూత లేని దూడ తోలు జతల్లో అంచున దిగిన నలుపు తేలిక కాలేదు. చుట్టూ కాస్త ముదురు బ్రౌన్ క్రీమ్ రాసి తేడా కనపడకుండా కప్పడం తప్ప అక్కడ చేయగలిగింది లేదు.

పాత నైలాన్ బ్రష్‌లు నాలుగింటిలో రెండు సోల్ అడుగు బురద రుద్దడానికి కేటాయించారు. చుట్టూ వెంట్రుక, మధ్యలో నైలాన్ ఉన్న చెక్క పిడి బ్రష్‌ను మాత్రం కౌంటర్‌లోంచే తీసేయించాం. పైకి మంచిదానిలా కనపడుతుంది కాబట్టి షిఫ్టు మారిన కొత్త మనిషి ముందుగా అందుకునేది దాన్నే.